కనబడని కుట్టు: ఈ నెల ఇంట్లో మీ పిల్లలతో



పోయిన నెల ఏడో తరగతిలో ఒక బాబు రోజంతా కుడిచేయి పక్కకు అదిమి పెట్టుకొని కూర్చున్నాడు. జవాబు తెలిసీ బోర్డు దగ్గరికి రాలేదు. చూస్తే చొక్కా చంక కింద నాలుగు వేళ్ల మేర కుట్టు ఊడింది, అంతే. లంచ్ బ్రేక్‌లో పైనుంచే కుట్టి ఇచ్చాం. పది నిమిషాలు కూడా పట్టలేదు. మధ్యాహ్నం లెక్కల పీరియడ్‌లో ఆ చెయ్యే పైకి లేచింది.

ఆ కుట్టు పేరు ల్యాడర్ స్టిచ్, అంటే నిచ్చెన కుట్టు. రెండు మడతల మధ్య దారం నిచ్చెన మెట్లలా అడ్డంగా పడుతుంది. లాగితే మెట్లు లోపలికి పోతాయి. దిండు మూతి, బొమ్మ పొట్ట లాంటి లోపలికి చెయ్యి దూరని చోట్లకు ఇదే దారి.

దారం మోచేతి నుంచి వేలి కొస దాకా చాలు, ఒంటి పోగు. పొడవైతే చిక్కుపడుతుంది. సరైన రంగు దొరక్కపోతే గుడ్డకన్నా కాస్త ముదురుది తీసుకోండి, లేతది కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ముడి మడత లోపల దాగేలా సూదిని లోపలి నుంచి అంచు మీదికి తీయండి. అవతలి అంచులో సరిగ్గా ఎదురుగా గుచ్చి, మడత లోపలే 3, 4 మిల్లీమీటర్లు నడిపి బయటికి తీయండి. మళ్లీ ఇవతలి అంచుకు నేరుగా దాటండి. తప్పు జరిగేది ఇక్కడే. కొంచెం ముందుకో వెనక్కో గుచ్చితే మెట్టు వాలుతుంది, బిగించాక ముడత పడుతుంది, దారం బయటపడుతుంది. నాలుగైదు కుట్లకోసారి దారాన్ని కుట్టు వెంబడి మెల్లగా లాగండి. మరీ లాగితే గుడ్డ కుచ్చెళ్లు పడుతుంది. చివర ఒకేచోట రెండు చిన్న కుట్లు వేసి, సూదిని మడతలోకి దూర్చి ఒక అంగుళం అవతల తీసి, దారాన్ని కాస్త లాగి పట్టి కత్తిరించండి. కొస లోపలికి జారుకుంటుంది.

మన వైపు అవ్వలు పాత చీరలతో బొంతలు కుడతారు. అది పైకి కనబడే కుట్టు, ఇది దాగే కుట్టు. అయినా అవ్వ పక్కన కూర్చుని సూది పట్టిన పిల్లలకు చెయ్యి త్వరగా తిరుగుతుంది. మగపిల్లలకు కూడా.

మొదటి సాధనకు చేనేత దుప్పటి ముక్క మంచిది. 1938లో మాచాని సోమప్ప గారు నేత సహకార సంఘం స్థాపించిన ఎమ్మిగనూరు దుప్పటి ఇంట్లో ఉంటే మరీ మంచిది. పోగులు కంటికి ఆనతాయి కాబట్టి ఎదురెదురు చోట్లు లెక్కపెట్టుకోవచ్చు. అంచు పోగులూడుతుంది, అంగుళం లోపలికి మడవండి. తప్పులు తెలిసేలా ఎర్ర దారం ఇవ్వండి.

ప్యాంటు వెనక కుట్టు ఊడితే మాత్రం ఇది వద్దు. కూర్చున్న ప్రతిసారీ లాగుడంతా దాని మీదే పడుతుంది. ప్యాంటు తిరగేసి, లోపలి నుంచి దగ్గర దగ్గరగా బ్యాక్ స్టిచ్ వేయండి.

హాస్టల్ పిల్లల పెట్టెలో రెండు సూదులు, తెల్ల దారం, యూనిఫాం ప్యాంటు రంగు దారం, నాలుగు పిన్నీసులు పెట్టి పంపండి. మీ బాబు, పాప కుట్టిన ముక్కను పేరెంట్స్ మీటింగ్‌కు తీసుకురండి, క్లాస్ టీచర్ చూస్తారు.