గుంపు పాట – కుంగిన మనసుకు ఊతం

డిసెంబరు నెల వచ్చిందంటే జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో రాత్రిపూట డోలక్ మోత వినిపిస్తుంది. క్యారల్స్ బృందం ఇంటింటికీ తిరుగుతుంది. పొద్దంతా చేలో పత్తి తీసి వచ్చినవారే రాత్రి ఆ బృందంలో గొంతు కలుపుతారు.

హాస్టల్లో చదివిన రోజుల్లో మేము ఆ పాటలను కిటికీ దగ్గర నిలబడి వినేవాళ్ళం. ఇంటి మీద బెంగతో అన్నం సగంలో వదిలేసిన రోజున కూడా, పాట అయ్యేసరికి గుండె తేలికపడి నిద్ర పట్టేది. ఇంటి దగ్గర కష్టం ఏమీ తీరలేదు. అమ్మానాన్నల అప్పు అలాగే ఉంది. మరి మనసు ఎందుకు తేలికపడింది? తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ ప్రశ్నను కాస్త పరిశీలిద్దాం.

మన నేలలో ఈ పాట

1841లో చర్చి మిషనరీ సొసైటీ వారు మచిలీపట్నంలో పని ప్రారంభించారు. 1859లో కృష్ణా జిల్లా రాఘవాపురంలో కొందరు దళితులు బాప్తిస్మం పొందారు. ఆనాడు మన పేటల్లో చదువు వచ్చినవారు బహు అరుదు. అందుచేత పాటను చెవితో విని నోటితో నేర్చుకున్నారు. ఒకరు చరణం అందిస్తే మిగతావారు పల్లవి అందుకోవడం నాట్లు వేసే చేలో వారికి ముందే అలవాటు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు తెలుగులోనే కీర్తనలు రాశారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాటల పైన రాగం, తాళం పేర్లు కనబడతాయి. చెవికి పరిచయమైన బాణీ కనుక అది త్వరగా మనసుకు చేరింది.

సముద్రాల అవతలి విద్యార్థులు

అమెరికాలో నల్లజాతి వారి కథ కూడా ఇటువంటిదే. బానిసత్వం పోయిన తరువాత వారి చదువు కోసం నాష్‌విల్ నగరంలో ఫిస్క్ పాఠశాల వెలిసింది. కొద్ది సంవత్సరాలకే డబ్బు లేక మూతబడే స్థితికి వచ్చింది. 1871లో అక్కడి విద్యార్థులు కొందరు బృందంగా బయలుదేరి, తమ పెద్దలు బానిసలుగా ఉన్నప్పుడు పాడుకున్న పాటలను ఊరూరా పాడారు. వచ్చిన సొమ్ముతో బడి నిలబడింది. ‘జూబిలీ హాల్’ అనే భవనం కూడా లేచింది. మనవంటి పేద విద్యార్థులే పాటతో తమ బడిని కాపాడుకున్నారన్నమాట!

సువార్త సంగీత పితామహుడని పేరుపొందిన టామస్ డార్సీ 1932లో కాన్పు సమయంలో భార్యను, వెంటనే పసిబిడ్డను పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖంలోనే ఒక పాట కట్టాడు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల్లో మహలియా జాక్సన్ పాడింది ఆ పాటే. ఒకరి ఏడుపు లోకంలో ఎందరికో ఓదార్పు అయింది.

శాస్త్రం ఏమంటుంది?

పాడేటప్పుడు గాలిని చప్పున పీల్చి, నెమ్మదిగా వదులుతాము. ఊపిరి ఇలా నిదానంగా వదలడం వల్ల గుండె వేగం తగ్గుతుంది. స్వీడన్ పరిశోధకులు 2013లో 18 ఏళ్ళ విద్యార్థుల చేత కలిసి పాడించి చూడగా, వారి గుండె వేగం దాదాపు ఒకేసారి పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో పాటల తరగతులను, చేతిపనుల తరగతులను, రచనా తరగతులను ఏడు నెలలపాటు పోల్చారు. చివరకు అన్ని తరగతుల వారూ స్నేహితులయ్యారు. కాని అందరికంటే ముందు దగ్గరైనవారు పాటల తరగతి వారే.

వినేవాడు కూడా ఊరకే ఉండడు. కాలు తాళం వేస్తుంది, పెదవి పల్లవి అందుకుంటుంది. తాను ఎవరికీ చెప్పుకోలేని బాధను పదిమంది ధైర్యంగా పైకి పాడుతుంటే, “ఇది నా ఒక్కడికే కాదు” అని తెలుస్తుంది. పాట కష్టాన్ని తీర్చదు, ఒంటరితనాన్ని తీరుస్తుంది. మా ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇదే.

మనం చేయవలసినవి

1. వారానికి ఒక సాయంత్రం అరగంట కలిసి పాడుకోవాలి. మన హాస్టళ్ళలో అన్ని మతాలవారూ ఉంటారు. క్రైస్తవ కీర్తన, గొబ్బి పాట, అంబేద్కర్ పాట – ఎవరికి వచ్చింది వారు నేర్పాలి. ఎవరినీ బలవంతం చేయరాదు.

2. గొంతు బాగాలేదని ఎవరినీ ఎగతాళి చేయరాదు. గుంపులో ప్రతి గొంతుకూ చోటుంటుంది.

3. దిగులు వారాల తరబడి వదలకపోతే పాట ఒక్కటే చాలదు. వార్డెన్‌కో, ఉపాధ్యాయులకో చెప్పాలి. 14416 టెలీ మానస్ నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఈ సంవత్సరం కూడా కొత్తగా చేరిన పిల్లవాడు ఎవరో ట్రంకుపెట్టె మీద కూర్చుని గేటు వైపే చూస్తూ ఉంటాడు. వాడికి నీతులు చెప్పకండి. పిలిచి మీ వరుసలో కూర్చోబెట్టుకోండి. మొదటి రోజు వాడు పాడకపోవచ్చు. పక్కన కూర్చుని వింటే చాలు. మాకు ఒకనాడు అలా చోటిచ్చిన అన్నలను మేము ఇప్పటికీ మరువలేదు.