ఆరు నెలల అద్దె ముందే అడుగుతున్నారు

సమస్య: మాది రాజమండ్రి. నిరుడు ఉద్యోగం మీద ఉప్పాడ వచ్చి, బీచ్ రోడ్డు దగ్గర ఒక డాబా పై వాటా నెలకు 4,500కి తీసుకున్నాం, నేనూ అమ్మా. కాగితం రాసుకోలేదు. ఇంటివాళ్లది చేపల వేట. కింద ఉండే పిన్నిగారు మంచావిడే. మొన్న పైకొచ్చి, “వేట ఆపేస్తారు కదమ్మా, ఇంజను బాగు చేయించాలి, ఆరు నెలల అద్దె ఒక్కసారే ఇచ్చెయ్యి” అన్నారు. 27,000! మధ్యలో బదిలీ అయితే ఆ డబ్బు తిరిగొస్తుందా? కాదంటే ఖాళీ చెయ్యమంటారేమోనని భయం. దీనికి తోడు డాబా మీద నెత్తళ్లు ఎండబెడతారు. బట్టలన్నీ వాసన. అమ్మ రోజూ గొణుగుతోంది.
– ఓ సోదరి, ఉప్పాడ

సలహా: చెల్లీ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో ఇంజను పడవలు కదలకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. వల బాగుచేత, ఇంజను మరమ్మతు లాంటి ఖర్చులన్నీ రాబడి లేని ఆ రోజుల్లోనే మీద పడతాయి. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 అయింది గానీ, అది ఇల్లు గడవడానికే చాలదు. షావుకారు దగ్గర అప్పు తెస్తే, పట్టిన చేప ఆయనకే, ఆయన కట్టిన ధరకే పొయ్యాలి. ఆ గుమ్మం ఎక్కలేకే ఆవిడ మీ మెట్లెక్కి ఉంటారు.

కాబట్టి ఇవ్వండి, కానీ మూడు నెలలదే. ఆలోగా పడవ మళ్లీ సముద్రంలో ఉంటుంది. చేతికివ్వకుండా ఖాతాలో వెయ్యండి. పనిలో పనిగా పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకోండి. మన రాష్ట్రంలో గడువు ఎంతైనా అద్దె పత్రానికి రిజిస్ట్రేషన్ కావాలి, అదీ చేయించుకోండి. ఈ డబ్బు నెలనెలా అద్దెలో చెల్లు, ముందే ఖాళీ చేస్తే మిగిలింది వాపసు అని అందులో ఉండాలి. ఇక ఖాళీ చెయ్యమంటారన్న భయం: కాగితం లేకపోయినా నెలసరి అద్దెకు 15 రోజుల నోటీసు ఇవ్వాల్సిందే. వెళ్లిపోవాలనుకుంటే మీరూ అంతే.

మీరు అడగనిది ఒకటుంది. బీచ్ రోడ్డు దగ్గరంటున్నారు. ఉప్పాడలో సముద్రం ఇళ్లనూ రోడ్డునూ కోసుకుపోతూనే ఉంది, అడ్డుగా వేసిన జియోట్యూబ్ గోడే తట్టుకోలేదు. సముద్రం వల్ల ఇల్లు ఉండడానికి పనికిరాకపోతే ఆ రోజు నుంచే అద్దె ఆగిపోతుందన్న ముక్క కూడా రాయించండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజులు. అప్పుడు మాత్రం ఎవరడిగినా అడ్వాన్సు ఇవ్వొద్దు. మరొకటి, ఇవాళే మీ మంచం పైనున్న శ్లాబు చూడండి. ఉప్పుగాలికి లోపలి ఊచలు తుప్పుపట్టి ఉబ్బితే పెచ్చులు ఊడి మీద పడతాయి. అలా కనిపిస్తే ఇంజను కంటే ముందు అది బాగు చేయించమనండి. ఇందులో మొహమాటం పనికిరాదు.

నెత్తళ్ల గొడవంటారా, వేట లేని రెండు నెలలూ ఎండబెట్టడానికి పెద్దగా ఏమీ ఉండవు. తర్వాతైనా వద్దనకండి, అది వాళ్ల బతుకుతెరువు. మధ్యాహ్నం గాలి సముద్రం మీంచి వస్తుంది కనుక బట్టల తీగ ఆ వైపు కట్టుకుని, చేపలు ఊరి వైపు పరచమనండి. ఆ మాట మీకంటే అమ్మగారే కిందకెళ్లి పిన్నిగారితో అంటే బాగుంటుంది.