సెకండ్‌హ్యాండ్ కారు ఆయిల్ తాగేస్తోంటే...

ప్రశ్న: ఈమధ్యే 2014 మోడల్ పెట్రోల్ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. వెయ్యి కిలోమీటర్లకు దాదాపు లీటరు ఇంజిన్ ఆయిల్ తగ్గుతోంది. కింద ఎక్కడా కారడం లేదు. ఇంజిన్ విప్పాల్సిందే అంటున్నాడు మెకానిక్. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, నాందేడ్

జవాబు: అప్పుడే విప్పనివ్వకండి. కారడం లేదంటే ఆయిల్ లోపలే కాలిపోతోందన్నమాట. ఎక్కడ కాలుతోందో పొగే చాలావరకు చెబుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లను అనుమానించాలి. బాసరకో నిజామాబాద్‌కో వెళ్లేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయనుకోవచ్చు. సీళ్లకు అయ్యే ఖర్చు రింగుల పనితో పోలిస్తే చాలా తక్కువ.

ముందుగా ఇంజిన్ లోపల పోగయ్యే వాయువులను తీసేసే పీసీవీ వాల్వ్ చూపించండి. చిన్న భాగమే, చవక కూడా. అది మూసుకుపోతే ఇంజిన్ లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ మండే చోటికి చేరుతుంది. చాలామంది మెకానిక్‌లు దీని జోలికే పోరు! తర్వాత సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. రీడింగ్ తక్కువున్న సిలిండర్‌లో రెండు చెంచాల ఆయిల్ పోసి మళ్లీ చూస్తే పెరిగిందా, లోపం రింగులదే.

పొగ కనబడకుండా చిక్కటి ఆయిల్ పోసి అమ్మేవాళ్లున్నారు. అందుకే మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిల్ కొత్తగా పోయించి, వారానికోసారి చదునైన చోట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ చూసి రాసుకోండి. మట్టం కనిష్ఠ గీత కిందికి పోనివ్వొద్దు. రింగులే పోయాయని తేలితే మాత్రం, రిపేరు ఖర్చు కారు విలువలో సగం దాటేట్టుంటే చేయించకండి, అమ్మేయండి. కొనేవారికి విషయం చెప్పే అమ్మండి.