తరగతి గది నుండి సెనేటుకు: డా॥ గజాలా హష్మీ శాసన కృషి

చట్టసభ సభ్యుల కృషిని దేనితో కొలవాలి? ఆమోదం పొందిన బిల్లుల సంఖ్యతోనే అని చాలామంది భావిస్తారు. ఆ భావన ఎంతవరకు సరియైనదో పరిశీలించడానికి, మన హైదరాబాదులో జన్మించి అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర సెనేటులో సభ్యురాలైన డా॥ గజాలా హష్మీ జీవితం మనకు తోడ్పడుతుంది.

1964లో జన్మించిన ఆమె నాలుగేండ్ల ప్రాయంలో తల్లితో, అన్నతో కలసి జార్జియా రాష్ట్రంలో ఉన్న తండ్రి వద్దకు చేరారు. ఎమొరీ విశ్వవిద్యాలయంలో అమెరికన్ సాహిత్యంపై డాక్టరేటు పొంది, వర్జీనియా రాజధాని రిచ్‌మండ్ ప్రాంతంలో అధ్యాపక వృత్తి చేపట్టారు. 2017లో కొన్ని ముస్లిం దేశాల వారి రాకపై అమెరికా ప్రభుత్వం విధించిన నిషేధం ఆమెను రాజకీయాలవైపు మరల్చింది. 2019 నవంబరులో డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిగా అప్పటి సభ్యుని ఓడించి, ఆ సెనేటులో తొలి ముస్లిం సభ్యురాలయ్యారు.

వర్జీనియా సెనేటులో 40 మంది సభ్యులు. మన తెలంగాణ శాసన మండలిలోనూ 40 స్థానాలే. సంఖ్య ఒకటే అయినా అధికారంలో భేదం గొప్పది. రాజ్యాంగం 197వ అధికరణ ప్రకారం మన మండలి సాధారణ బిల్లును కొంతకాలం ఆపగలదే గాని, శాసన సభ సంకల్పాన్ని శాశ్వతంగా అడ్డుకోజాలదు. అక్కడ సెనేటు సమ్మతి లేనిదే ఏ బిల్లూ చట్టం కాదు. అక్కడి సభ్యులను ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు.

2024లో డా॥ హష్మీ సెనేటు విద్యా, ఆరోగ్య సంఘానికి అధ్యక్షురాలయ్యారు. ఆ ఏడాదే గర్భనిరోధక సాధనాలు పొందే హక్కుకు రక్షణ కల్పించే బిల్లును ఆమె ప్రవేశపెట్టారు. ఉభయ సభలూ ఆమోదించినా గవర్నరు దానిని తిరస్కరించారు. 2025లో బిల్లు మరల సభలు దాటింది, మరల తిరస్కృతమైంది. గవర్నరు తిరస్కారాన్ని కాదనాలంటే ఉభయ సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావలెను. అంతటి బలం ఆ పార్టీకి లేదు.

అయితే ఆ శ్రమ వ్యర్థమేనా? కాదని మా అభిప్రాయం. సభలో ప్రతి ఓటూ నమోదవుతుంది. ఎవరు ఎటు నిలిచారో ప్రజలకు తెలుస్తుంది. ఒకసారి ఆగిన బిల్లును మరల తెచ్చుట మొండితనం కాదు, శాసనకర్త విధి. 2025 నవంబరు 4న ఆమె వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యారు. ఆ విజయానికి ఈ బిల్లొక్కటే కారణమని అనలేము. కాని అమెరికాలో రాష్ట్రవ్యాప్త పదవికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళగా, తాను సభ్యురాలుగా కూర్చున్న సెనేటుకే అధ్యక్షత వహించే పదవి ఆమెకు లభించింది.

మధిర విద్యార్థులకు ఇందులో ఒక దగ్గరి పాఠమున్నది. మన మండలిలో వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల స్థానం, ఉపాధ్యాయుల స్థానం వేర్వేరుగా ఉన్నాయి. డిగ్రీ పొంది మూడేండ్లు నిండిన వారు పట్టభద్రుల ఓటరు కావచ్చును. అయితే ఆ జాబితాలో పేరు దానంతట చేరదు; ఫారం 18 నింపి మనమే దరఖాస్తు చేసుకోవాలి. ఆ చిన్న కాగితాన్ని అలక్ష్యం చేసిన పట్టభద్రుడు, తన పేర కేటాయించిన స్థానాన్ని ఇతరుల నిర్ణయానికి వదలినవాడే అవుతాడు.