దెబ్బతిన్న కుక్కను ముట్టుకునే ముందు

ఒక సాయంకాలం మా ఆసుపత్రికి నలుగురు కాలేజీ కుర్రవాళ్లు వచ్చారు. చూడడానికి ఎవరికీ ఏ జబ్బూ లేదు. ఒకరి చూపుడు వేలి మీద మాత్రం పంటి గీత లాంటిది చిన్నగా ఉంది. వీధి కుక్కలకు, పిల్లులకు దెబ్బలు తగిలితే సొంత డబ్బులతో ఆటో మాట్లాడి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించే పిల్లలు వాళ్లు. అంతకు రెండు రోజుల ముందు బస్టాండు వెనక ఒక కుక్క నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ కదలకుండా కూర్చుని ఉంది. కింది దవడ వేలాడుతోంది. నీళ్లు పెడితే మింగలేకపోయింది. గొంతులో ఎముక ఇరుక్కుందనుకున్నారు. ఇద్దరు కుక్కను పట్టుకున్నారు, ఒకరు చొంగ తుడిచారు, నాలుగో అబ్బాయి నోట్లో చెయ్యి పెట్టి వెతికాడు. ఎముక దొరకలేదు.

మరునాటికి కుక్క చచ్చిపోయింది. పశువైద్యునికి చెబితే ఆయన కుక్క సంగతి అడగలేదు, "మీలో ఎవరెవరు దాన్ని ముట్టుకున్నారు?" అని అడిగారు. ఆయనే వాళ్లను మా దగ్గరకు పంపారు. ఆ కుక్క మెదడు పరీక్షలో రేబిస్ అని తరువాత తేలింది.

పిచ్చికుక్క అనగానే నురగలు కక్కుతూ అందరి మీద పడే కుక్కే మనకు గుర్తుకొస్తుంది. అది ఒక రకం మాత్రమే. రెండో రకంలో కుక్క ఎవరి జోలికీ పోదు. మూలన నక్కి కూర్చుంటుంది, దవడ జారిపోతుంది, మింగలేదు, గొంతు మారుతుంది. జాలి గల మనిషి దగ్గరకు వెళ్లేది ఈ కుక్క దగ్గరకే. అందుచేత సేవ చేసే వాళ్లకు మొదటి రకం కంటే ఇదే ఎక్కువ ప్రమాదం. దవడ వేలాడే కుక్క నోట్లో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. పిల్లికి కూడా రేబిస్ వస్తుంది. నెల దాటిన కుక్కపిల్ల కదా, దానికేం పిచ్చి అనుకోవడం కూడా పొరపాటే.

కరిస్తే, గీరితే ఏం చేయాలి?

వెంటనే కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి కడగండి, ఎందుకంటే మనకు 3 నిమిషాలే 15 లాగా అనిపిస్తాయి. రేబిస్ క్రిమి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని విరగ్గొడుతుంది. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు ఏవీ పెట్టకండి. కట్టు బిగించకండి, వెంటనే కుట్లు వేయించకండి. ఆ తరువాత ఆసుపత్రికి రండి.

రక్తం రాకుండా గీరుకుంటే టీకా చాలు. రక్తం వచ్చినా, అప్పటికే ఉన్న పుండును కుక్క నాకినా, చొంగ కంట్లోనో నోట్లోనో పడినా టీకాతో పాటు గాయంలోనూ దాని చుట్టూనూ ఇమ్యూనోగ్లోబులిన్ అనే మందు కూడా ఎక్కించాలి. టీకా పనిచేయడం మొదలుపెట్టే దాకా ఆ మందు కాపలా కాస్తుంది. కండకు ఇచ్చే టీకా అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో 5 సార్లు. చర్మంలోకి ఇచ్చేదైతే 0, 3, 7, 28 రోజుల్లో. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్ల కాలం పోయి చాలా ఏళ్లయింది, ఆ భయంతో ఇంకా ఇంట్లో కూర్చునే వాళ్లు ఉన్నారు. కరిచిన కుక్కను 10 రోజులు కనిపెట్టమంటారు. ఆ మాట నిజమే, కానీ టీకా మొదలుపెట్టి కనిపెట్టాలి. ఆలస్యమైనా రండి. లక్షణాలు మొదలైన తరువాత మాత్రం ఏ వైద్యుడూ చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

ఈ సేవలో ఉండేవారు కరవక ముందే టీకా వేయించుకోవడం మంచిది. 0, 7, ఆపైన 21 లేదా 28వ రోజు, అంతే. ఆ తరువాత ఎప్పుడు కరిచినా 0, 3 రోజుల్లో రెండు మోతాదులు సరిపోతాయి, గాయంలోకి మందు అవసరం ఉండదు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో కూడా చూసుకోండి.

పట్టుకునే పద్ధతి

నొప్పితో ఉన్న కుక్క తన యజమానినే కరుస్తుంది. ఎదురుగా వెళ్లి తల మీద చెయ్యి పెట్టకండి, పక్కగా వంగి కూర్చుని పిలవండి. పాత చున్నీనో వెడల్పాటి గుడ్డనో మూతి చుట్టూ ఒక ముడి వేసి, గడ్డం కిందుగా తిప్పి, చెవుల వెనక కట్టవచ్చు. వాంతి చేసుకుంటున్నా, ఆయాసపడుతున్నా కట్టకూడదు. కుక్క నోటితోనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది, మన ఎండల్లో మూతి కట్టి ఎక్కువసేపు ఉంచితే ఆ వేడికే పోతుంది. బండి కింద పడిన కుక్కను ఎత్తుకోకండి, పలక మీదికో గోనెపట్టా మీదికో జరపండి.

పిల్లి మీద తువ్వాలు కప్పి మూటలా చుట్టి, కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో ఉంచండి. పిల్లి పళ్లు సూదుల్లా సన్నగా ఉంటాయి. పైన రంధ్రం మూసుకుపోతుంది, లోపల చీము పడుతుంది. పిల్లి కాటును చిన్న గాయమని వదిలేయవద్దు.

ఇంటి మందులతో వచ్చే చేటు

జ్వరంగా ఉందని పిల్లికి పారాసిటమాల్ వేస్తారు. మనకు మంచి మందే. పిల్లి కాలేయానికి దాన్ని అరిగించే శక్తి లేదు. ఆ మందు పిల్లి రక్తాన్ని ప్రాణవాయువు మోయలేకుండా చేస్తుంది, చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, మొహం వాస్తుంది. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. ఎంతో ప్రేమగా పాలల్లో కలిపి ఇచ్చి చంపుకున్న వాళ్లను చూశాము. కుక్కలకు కూడా మన నొప్పి మాత్రలు ఇవ్వరాదు, కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కుక్కల గోమార్లకు వాడే కొన్ని చుక్కల మందులు పిల్లికి విషం. పిల్లి ఉన్న గదిలో ఫినాయిల్ కూడా వద్దు, అది కాళ్లకు అంటిన దాన్ని నాకుతుంది.

చెవి వెనక, మెడ మీద, అంటే కుక్క నాలుక అందని చోట గాయమైతే ఈగలు గుడ్లు పెడతాయి. ఒక రోజులోనే పురుగులు పడతాయి. అందులో కిరోసిన్, పెట్రోలు పోయడం మన ఊళ్లలో అలవాటు. పురుగులతో పాటు మాంసమూ కాలుతుంది. చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, సెలైన్‌తో కడిగి, పట్టకారుతో ఒక్కొక్కటీ తీయాలి. మిగిలినది పశువైద్యుడు చూస్తారు. గజ్జికి ఇంజను ఆయిలు పూయడం కూడా ఇటువంటిదే.

రక్తపు విరేచనాలతో ఉన్న కుక్కపిల్లను మాత్రం ఇంట్లో ఉన్న వేరే పిల్లల దగ్గరకు తేవద్దు. అది పార్వో కావచ్చు. ఆ క్రిమి నేలలో నెలల తరబడి బతుకుతుంది, బ్లీచింగ్ నీళ్లతో కడిగితేనే చస్తుంది.

గర్భిణి స్త్రీలు పిల్లి మలం ఎత్తకుండా ఉండాలి. పిల్లిని పెంచడం మానాలని కాదు, ఆ పని ఇంట్లో వేరొకరు రోజూ చేస్తే చాలు.

ఒక్కొక్కదాన్ని కాపాడడం సరిపోతుందా?

కెప్టెన్ వి. సుందరం అనే విమాన చోదకుడు 1959లో మద్రాసులో బ్లూక్రాస్‌ను ప్రారంభించారు. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల గారు, విశాఖపట్నంలో 1996లో మరికొందరు ఇటువంటి సంస్థలు స్థాపించారు. వీటన్నింటికీ ఒకే అనుభవం ఎదురయింది. ఒక కుక్కకు కట్టు కట్టేలోపు వీధిలో ఆరు పిల్లలు పుడతాయి. కుక్క 63 రోజులు మోస్తుంది, సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. అందుకే సంతాన నిరోధక ఆపరేషను, రేబిస్ టీకా రెండూ కలిపి చేసే పద్ధతి వచ్చింది. ఆపరేషను అయిన కుక్క చెవికి చిన్న గాటు ఉంటుంది, గమనించండి. వీధి కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే వాటిలో రేబిస్ పాకడం ఆగుతుంది. గోవాలో 2014 నుండి ఇంటింటికీ, వీధివీధికీ తిరిగి టీకాలు వేశారు. 2021లో ఆ రాష్ట్రాన్ని రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. కుక్కలను చంపి ఈ ఫలితం సాధించిన ఊరు నాకు తెలియదు. ఖాళీ అయిన వీధికి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి.

కుక్కలంటే భయపడేవారి బాధ కూడా నిజమైనదే. కాటుకు గురయ్యేవారిలో పిల్లలు కూడా చాలామంది ఉంటారు. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న, ఆపరేషను, టీకా అయిన కుక్కలను తెచ్చిన చోటే వదలాలని, రేబిస్ అనుమానం ఉన్నవాటిని, దూకుడు కుక్కలను వదలరాదని, తిండి నిర్ణయించిన చోటనే పెట్టాలని చెప్పింది. 2025 నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను షెల్టర్లకు తరలించి తిరిగి అక్కడ వదలవద్దని ఆదేశించింది. కాబట్టి పని మొదలుపెట్టే ముందు మీ మున్సిపాలిటీలో తాజా ఆదేశాలు అడిగి తెలుసుకోండి.

ఆ నలుగురు కుర్రవాళ్లూ ఒక్క తేదీ తప్పకుండా వచ్చి టీకాలన్నీ పూర్తి చేసుకున్నారు. వేలు గీరుకున్న అబ్బాయికి గాయంలోకి మందు ఎక్కించేటప్పుడు నొప్పికి కళ్లనీళ్లు వచ్చాయి. ఆ పని వాళ్లు మానలేదు. ఇప్పుడు వాళ్ల సంచిలో దూది, కట్టుగుడ్డలతో పాటు ఒక సబ్బు బిళ్ల, రెండు లీటర్ల నీళ్ల సీసా ఉంటాయి.