చవకగా దొరికే కన్వర్టిబుల్ స్పోర్ట్స్ కారు: డీలర్ చెప్పే సలహాల్లో ఏది నమ్మాలి?

మన గ్యాడ్జెట్ల సైట్‌లో కార్ల గోల ఏంటి అనుకోకండి. సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు మనం బ్యాటరీ హెల్త్ చూస్తాం, ఐఎంఈఐ చెక్ చేస్తాం, షాపు అతను "కొత్తదే బ్రో, అస్సలు వాడలేదు" అంటే నవ్వి ఊరుకుంటాం. అదే బుర్ర, టాప్ తెరుచుకునే రెండు సీట్ల కారు ముందు నిలబడగానే పనిచేయడం మానేస్తుంది. నాకైతే మానేసింది.

రెండేళ్ల కిందట డల్లాస్‌లో మొదటి ఉద్యోగం. ఎడ్యుకేషన్ లోన్ ఇంకా సగం మిగిలే ఉంది. చేతిలో కారు కోసం దాచింది 8,500 డాలర్లు. బుద్ధున్నవాడు పాత కరోలా కొంటాడు. నాకేమో చిన్నప్పుడు గేముల్లో నడిపిన కన్వర్టిబుల్ కావాలి. నాన్నకి ఫోన్‌లో చెప్తే "పైకప్పు కూడా లేని కారుకి అంత డబ్బా?" అన్నారు.

హైవే పక్కన ఒక చిన్న డీలర్ దగ్గర రెండు కార్లు నచ్చాయి. ఒకటి 2003 పోర్షే బాక్‌స్టర్, 58,000 మైళ్లు తిరిగింది, 8,400 డాలర్లు. రెండోది 2001 మాజ్డా మియాటా, 1,12,000 మైళ్లు, 6,300 డాలర్లు. మియాటానే అమెరికా బయట ఎంఎక్స్-5 అంటారు. వెంట వచ్చిన రూమ్మేట్ ఒకటే పాట: "మామా, పోర్షే రా! ఇంకా ఏం ఆలోచిస్తున్నావ్?"

సేల్స్‌మన్ గంటసేపు సలహాలిచ్చాడు. అందులో అన్నీ అబద్ధాలు కావు, చిక్కంతా అక్కడే ఉంది. ఇప్పుడు ఆలోచిస్తే, ప్రతి మాటకీ నేను రెండు ప్రశ్నలు వేసుకోవాల్సింది. ఇది ఇక్కడే చెక్ చేయగలనా? ఈ మాట తప్పయితే డబ్బు ఎవరి జేబులోంచి పోతుంది?

"కన్వర్టిబుల్ చలికాలంలోనే కొనాలి" అన్నాడు. నిజమే, చలిలో అడిగేవాళ్లు తక్కువ, బేరం ఆడొచ్చు. డిసెంబర్లో స్టాక్ కదలాలి కాబట్టి ఆ మాట అతనికీ లాభమే, అయినా తప్పేం కాదు. కాకపోతే చలికి ఎవరూ టాప్ దించి చూడరు. మీరు మాత్రం కనీసం రెండుసార్లు దించి, ఎత్తి చూడండి. వెనక అద్దం ప్లాస్టిక్ అయితే చలిలో మడిస్తే పగులుతుంది. కాబట్టి ముందు అది గాజా, ప్లాస్టిక్కా చూసుకోండి. 2003 బాక్‌స్టర్‌లో గాజే వస్తుంది.

రెండో మాట: "మైళ్లు చాలా తక్కువ, ఇంకేం కావాలి?" ఇక్కడే చాలామంది పడిపోతారు. బాక్సులో ఐదేళ్లు మూలన పడేసిన ఫోన్ కొంటారా? బ్యాటరీ చచ్చి ఉంటుంది. కారూ అంతే. డోర్ల చుట్టూ రబ్బరు, టాప్ గుడ్డ, హోసులు, టైర్లు మైళ్లతో కాదు, ఏళ్లతో ముసలివవుతాయి. టైర్ పక్కన డాట్ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 3512 అని ఉంటే 2012లో 35వ వారంలో తయారైందన్నమాట. ఆ బాక్‌స్టర్ టైర్లు పదేళ్లవి. గాడి నిండుగానే ఉంది, రబ్బరు మాత్రం రాయిలా గట్టిపడింది. నాలుగు టైర్ల ఖర్చు అప్పుడే రేటులో కలుపుకోవాలి.

మూడోది అసలైంది. ఆ తరం బాక్‌స్టర్ ఇంజిన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అని ఒకటుంటుంది. అది పోతే దాంతోపాటు ఇంజినే పోవచ్చు. 2001 నుంచి 2005 మోడళ్ల విషయంలో అమెరికాలో క్లాస్ యాక్షన్ కేసు కూడా నడిచి, 2013లో సెటిల్ అయింది. అడిగితే "అదంతా ఇంటర్నెట్ భయం, చాలా కార్లకి ఏమీ కాలేదు" అన్నాడు. మళ్లీ నిజమే! ఎక్కువ కార్లకి ఏమీ కాలేదు. కానీ రెండో ప్రశ్న వేయండి. అతని మాట కరెక్టయితే అతనికి కారు అమ్ముడుపోతుంది. తప్పయితే కారు కంటే ఖరీదైన ఇంజిన్ నేను కొనాలి. సర్వర్ పడిపోయే ఛాన్స్ తక్కువే కదా అని బ్యాకప్ లేకుండా డేటాబేస్ నడుపుతామా? బేరింగ్ మార్చిన బిల్లు ఉందా అంటే "పాత ఓనర్ చేయించే ఉంటాడు" అన్నాడు. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క.

నాలుగోది మన ఏరియా. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఓబీడీ2 పోర్ట్ ఉంటుంది. 20 డాలర్ల బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో యాప్ తెరిస్తే ఎర్రర్ కోడ్లు కనిపిస్తాయి. "చూడండి, ఒక్క కోడ్ లేదు" అన్నాడు గర్వంగా. నేను దాని కింద ఉన్న రెడీనెస్ మానిటర్లు చూశా. క్యాటలిస్ట్, ఈవాప్ రెండూ "ఇన్‌కంప్లీట్". కోడ్లు ఎవరో ఈ మధ్యే చెరిపేస్తే ఇలా వస్తుంది. బ్రౌజర్ హిస్టరీ మొత్తం ఖాళీగా ఉంటే అనుమానం వచ్చినట్టే. "పోయిన వారం బ్యాటరీ మార్చాం" అన్నాడు. బ్యాటరీ తీసినా మానిటర్లు రీసెట్ అవుతాయి, కాబట్టి అదీ సాధ్యమే. అందుకే వాదించకుండా "నా మెకానిక్‌కి చూపిస్తా" అన్నా. ముఖం మారింది కానీ ఒప్పుకున్నాడు.

విన్ నంబర్ సంగతి త్వరగా చెప్పేస్తా. రీకాల్స్ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో, దొంగ కార్లు, తుక్కుగా లెక్కగట్టిన కార్లు ఎన్ఐసీబీ విన్‌చెక్‌లో ఫ్రీగా చూడొచ్చు. రిపేరు చేయని రీకాల్ ఉన్నా పాత కారు అమ్మడాన్ని ఫెడరల్ చట్టం ఆపదు, ఇది గుర్తుపెట్టుకోండి. కార్‌ఫ్యాక్స్ క్లీన్‌గా ఉందంటే ఎవరూ రిపోర్ట్ చేయలేదని మాత్రమే అర్థం.

మెకానిక్ 200 డాలర్లు తీసుకుని ముందు సీట్ల కింద కార్పెట్ నొక్కాడు. నీళ్లొచ్చాయి. టాప్ దగ్గర వాన నీరు పోయే డ్రెయిన్లు ఆకులతో మూసుకుపోయాయి. ఈ కారులో ఇమ్మొబిలైజర్ కంట్రోల్ యూనిట్ సీటు కిందే ఉంటుంది. అది తడిస్తే కారు స్టార్ట్ అవదు. బీఎండబ్ల్యూ జీ4 మొదటి తరంలోనూ ఇదే కథ. అక్కడ టాప్ నడిపే మోటార్ ఆ డ్రెయిన్ పక్కనే అడుగున ఉంటుంది. ఏ కన్వర్టిబుల్ అయినా మొదట కార్పెట్ నొక్కి చూడండి.

బాక్‌స్టర్ వద్దన్నాను. ఇక్కడిదాకా నేను హీరోనే. అసలు తప్పు ఆ తర్వాత చేశా.

మియాటా గురించి సేల్స్‌మన్ తనంతట తనే "ఏసీ చల్లగా రావట్లేదు, గ్యాస్ తగ్గింది, 50 డాలర్ల పని, మేమే చేయించి ఇస్తాం" అన్నాడు. లోపం తనే చెప్పాడు కదా, నిజాయతీపరుడు అనుకున్నా. టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు కూడా ఉంది. డ్రెయిన్లు శుభ్రం, వెనక చక్రాల ముందు తుప్పు లేదు. ఇంకో 200 ఎందుకని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లలేదు. ఏసీలో గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, అది మూసి ఉన్న సిస్టమ్. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. మా హైదరాబాద్ ఇంట్లో ఏసీకి ప్రతి వేసవీ గ్యాస్ కొట్టించిన అనుభవం ఉండి కూడా నాకు వెలగలేదు!

అమెరికాలో డీలర్ అమ్మే ప్రతి పాత కారుకీ బయ్యర్స్ గైడ్ అనే కాగితం అంటించాలి, ఫెడరల్ రూల్ అది. మెకానిక్‌కి చూపించవచ్చా అని అడగండి, నోటిమాటలన్నీ రాయించుకోండి అని అందులోనే రాసి ఉంటుంది. నా కాగితం మీద "యాజ్ ఈజ్" దగ్గర టిక్కు ఉంది. ఏసీ ఊసు ఒక్క ముక్క లేదు. మూడు రోజుల్లో వాపస్ ఇవ్వొచ్చని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. ఫెడరల్ కూలింగ్ ఆఫ్ రూల్ డీలర్ లాట్‌లో కొన్న కారుకి వర్తించదు.

మే దాకా టాప్ దించి తిరిగా, ఏసీ గుర్తే రాలేదు. జూన్‌లో డల్లాస్ ఎండలో వేయించుకుపోయాక ఫోన్ చేస్తే "మేం అలా అన్నట్టు రికార్డ్ లేదు సర్" అన్నారు. కంప్రెసర్, కండెన్సర్, లేబర్ కలిపి 1,150 డాలర్లు, ఆ నెల లోన్ కంతు క్రెడిట్ కార్డు మీద పడింది. మియాటా మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ప్రపంచంలో 10 లక్షలకు పైగా తయారైన కారు కదా, పార్టులు చవకగా దొరుకుతున్నాయి.

ఆ బాక్‌స్టర్ ఇంకో మూడు నెలలు అదే లాట్‌లో కనిపించింది. రేటు రెండుసార్లు తగ్గించారు. కార్పెట్ మాత్రం కొత్తది వేశారు.