ఈత కొలను లైట్లు: ధర కన్నా ముందు చూడాల్సినవి

అపార్ట్‌మెంట్ సంఘంలో కోశాధికారి ఎవరన్న ప్రశ్న వస్తే అందరి చూపూ బ్యాంకు కుటుంబం వైపే తిరుగుతుంది. అందుకే ఈత కొలనులో లైటు పోయిందని, మూడు కొటేషన్లు వచ్చాయని చివరికి కాగితాలు మన బల్ల మీదికే చేరతాయి. మూడింటిలో తక్కువ ధర ఏదో చూడటం మనకు వెన్నతో పెట్టిన విద్య. కానీ ఇక్కడ ధర కన్నా ముందు చూడాల్సిన అంకె ఒకటుంది. అది వోల్టులు.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. తడిసిన ఒళ్లు విద్యుత్తును అడ్డుకునే శక్తిని చాలావరకు పోగొట్టుకుంటుంది. పైగా నీళ్లలో షాక్ తగిలినప్పుడు కండరాలు బిగుసుకుపోయి, ఈత బాగా వచ్చినవారు కూడా మునిగిపోవచ్చు. అందుకే అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల ప్రకారం నీటి లోపలి దీపానికి ఏసీ అయితే 12 వోల్టులు, డీసీ అయితే 30 వోల్టులు మించకూడదు. ఆ 12 వోల్టులు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కూడా 'సేఫ్టీ ఐసొలేటింగ్' రకం కావాలి. అంటే 230 వైపు తీగచుట్టకూ 12 వైపు తీగచుట్టకూ నేరుగా ఎక్కడా కలయిక ఉండకూడదు. దాన్ని గట్టు నుంచి కనీసం 3.5 మీటర్ల అవతల, పొడిగా ఉండే గదిలో పెట్టించుకోవడం క్షేమం. కొలను సర్క్యూట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ విడిగా ఉండాలి. కొటేషన్‌లో ఈ మాటలు లేకపోతే అడిగి రాయించుకోండి. ఇంటర్నెట్ వీడియోల్లో కొన్నిసార్లు నేరుగా మెయిన్ కరెంటుతో వెలిగే కొలను దీపాలు కనిపిస్తాయి. అవి 120 వోల్టులు వాడే అమెరికావి. వాటిని చూసి మన ఎలక్ట్రీషియన్‌కు పాఠం చెప్పకూడదు.

రెండో అంకె ఐపీ. ఐపీ65 అంటే నీటి ధార పడినా తట్టుకుంటుంది. ఐపీ67 అంటే మీటరు లోతులో అరగంట మునిగినా తట్టుకుంటుంది. ఎప్పుడూ నీటిలోనే ఉండే దీపానికి ఐపీ68 కావాలి. అదీ ఎంత లోతు వరకో తయారీదారు రాసి ఇవ్వాలి. తోటలో పెట్టే 'వాటర్‌ప్రూఫ్' లైటు చవకగా దొరుకుతుంది కానీ కొలనుకు పనికిరాదు. దీపం చుట్టూ ఉండే స్టీలు రింగు 316 గ్రేడ్‌ది అయితే క్లోరిన్‌ను బాగా తట్టుకుంటుంది. 304 గ్రేడ్ త్వరగా తుప్పు మరకలు పడుతుంది.

పాత కొలనుల్లో ఎక్కువగా ఉండేవి పార్56 హాలోజన్లు, ఒక్కోటి 300 వాట్లు. అలాంటివి నాలుగు, రోజుకు 4 గంటలు వెలిగితే 4.8 యూనిట్లు, నెలకు 144 యూనిట్లు. వాటి చోట 25 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే నెలకు 12 యూనిట్లే. మీ సంఘం కట్టే యూనిట్ ధరతో గుణించి చూస్తే కొత్త దీపాల ఖర్చు ఎన్ని నెలల్లో తిరిగి వస్తుందో తేలిపోతుంది. ఈ లెక్క మన వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

అయితే దీపం మార్చి ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టించుకోకపోవడం దగ్గరే చాలా చోట్ల చిక్కు వస్తుంది. హాలోజన్ల కోసం పెట్టిన ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్‌కు కొంత కనీస లోడు కావాలి. ఎల్‌ఈడీ అంత తీసుకోదు కాబట్టి మిణుకు మిణుకుమంటుంది. తీగచుట్టల ట్రాన్స్‌ఫార్మర్‌లో దూరపు దీపాల కోసం 13, 14 వోల్టుల కొనలు కూడా ఉండవచ్చు. హాలోజన్ లాగే 25 ఆంపియర్ల వల్ల దారిలో తగ్గే వోల్టేజీ, 2 ఆంపియర్లు లాగే ఎల్‌ఈడీకి పెద్దగా తగ్గదు. కలపాల్సింది 12 కొనకే. దీపం ఏసీదా, డీసీదా అన్నది కూడా అట్టపెట్టె మీద చూడాలి.

రంగుల విషయంలో పిల్లల మాట నెగ్గుతుంది, నెగ్గనివ్వండి. కానీ ఈదే వేళ మాత్రం తెల్లని వెలుగే ఉండాలి. కొలను అడుగున జాలీ, దాని పక్కన పడిపోయిన చిన్న వస్తువు సైతం గట్టు మీద నిలబడిన పెద్దవాళ్లకు స్పష్టంగా కనిపించాలి. ముదురు నీలంలో, ఎరుపులో అడుగున కదలకుండా ఉన్న పిల్లవాడు కంటికి ఆనకపోవచ్చు. లైటు కొలనుకు అలంకారం అనుకుంటాం గానీ దాని అసలు పని ఇది.

ఇక మార్చే పని. ఇది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌దే, ఇంట్లో టెస్టరు ఉన్నవారిది కాదు. నీళ్లు తోడేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. గోడ గూటిలో అమర్చిన పార్56 లైట్లకు దీపం వెనక కేబుల్ చుట్టి ఉంచుతారు. కరెంటు ఆపి, స్విచ్ దగ్గర మనిషిని నిలబెట్టి లేదా తాళం వేసి, పైనున్న మర విప్పితే దీపం గట్టు మీదికి వస్తుంది. పాత రబ్బరు గాస్కెట్ బాగానే ఉన్నట్టు కనబడినా మళ్లీ వేయించకండి, కొత్తదే వేయించండి. కేబుల్ పొట్టి అయిందని నీటి లోపల టేపు చుట్టి అతుకు పెట్టడం అన్నింటికన్నా ప్రమాదం. అతుకు ఉండాల్సింది నీటిమట్టానికి పైన, జంక్షన్ పెట్టెలోనే. గట్టు మీద పొడిగా ఎక్కువసేపు వెలిగించి చూడటం కూడా మంచిది కాదు. దీపం చల్లబడేది నీటి వల్లే కాబట్టి త్వరగా వేడెక్కి పాడవుతుంది.

అద్దం లోపల తేమ చుక్కలు కనిపించినా, వెలుతురు తగ్గుతూ పెరుగుతున్నా ఆ లైటు సర్క్యూట్ ఆపించండి. నీళ్లలో ఒళ్లు జిల్లుమన్నదని ఎవరన్నా చెబితే లోపలున్నవారు దీపానికి దూరంగా, ఇనుప నిచ్చెన ముట్టుకోకుండా బయటికి రావాలి. బయటివారు ముందుగా మెయిన్ ఆపాలి. ఆపకుండా సాయానికి నీళ్లలోకి దూకకూడదు. నిచ్చెన, రెయిలింగు, కొలను ఇనుప చట్రం అన్నీ ఒకే ఎర్తింగ్‌కు కలిపి ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించి, ఆ కాగితం సంఘం ఫైల్లో పెట్టించండి. దాని పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ మీది వివరాల ఫోటో, దీపం మోడల్ నంబరు ఉంచితే తర్వాత వచ్చే కోశాధికారికి వెతుకులాట తప్పుతుంది. నెలకోసారి, కొలనులో ఎవరూ లేనప్పుడు ఆర్‌సీసీబీ 'టెస్ట్' మీట నొక్కి చూడమని వాచ్‌మన్‌కు చెప్పండి. నొక్కగానే కరెంటు పోవాలి. పోకపోతే ఆ రోజు నుంచే కొలను మూసేయాలి.